ఆరు గంటల బోణీ

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా ఆయన నవ్వుతారు. "ఆ రోజుల్లో అనడానికి నీకింకా తల నెరవలేదు కదా" అంటారు. (నెరిసింది. చెవి వెనకాల. ఆయన చూడలేదు.) కానీ మా కంప్యూటర్ల పనిలో పదేళ్ళంటే ఒక యుగం కిందే లెక్క. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతులు ఇప్పటి పిల్లలకి చెబితే, మా మామ్మ తిరగలి గురించి చెబుతున్నప్పుడు నేను పెట్టిన మొహమే వాళ్ళూ పెడుతున్నారు. అయినా చెప్పాలనుంది. ఎందుకంటే ఆ రోజుల్లో నేను, పొద్దున్నే లేవకుండా ఉండడం కోసం, ఎంతో కష్టపడి ఒక పెద్ద యంత్రాంగాన్ని తయారుచేశాను. దాని పుణ్యమా అని ఇవాళ్టిదాకా పొద్దున్నే లేస్తూనే ఉన్నాను.

మా ఆఫీసు ఏలూరులో, ఒక మందుల షాపు మేడ మీద. రెండు గదులు, ఒక ఏసీ. ఆ ఏసీ సర్వరున్న గదిలో, ఫ్యాను మనుషులున్న గదిలో. (వేసవిలో మేమందరం ఏదో ఒక వంకన సర్వరుని పలకరించి వస్తూండేవాళ్ళం. అంత ఆప్యాయత ఎరిగిన సర్వరు జిల్లాలో మరొకటి ఉండి ఉండదు.) మా బాసుగారిని చాటున అందరం 'రేపుగారు' అనేవాళ్ళం. జీతం దగ్గర్నుంచి మెట్ల మీద బల్బు దాకా ఏది అడిగినా "రేపు చూద్దామండీ" అనేవారు, అదీ మళ్ళీ అడగబుద్ధి కానంత మెత్తగా. తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద కిరాణా కొట్టువాళ్ళకి ఆన్‌లైన్ అమ్మకాల యాప్ చేసిపెడతామని ఆయన ఒప్పుకున్నారు. తొందరలో సరుకుల ధరలన్నీ ప్రోగ్రాము లోపలే రాసేశారు. "గూడెంలో ఉల్లిపాయల ధర రోజూ మారుతుంది కదండీ, మార్చినప్పుడల్లా ప్రోగ్రామంతా మళ్ళీ సర్వరు మీదకి ఎక్కించాలి కదా?" అని నేనడిగితే, ఏమన్నారో మీరు ఊహించగలరు.

ఆ రేపు నా నెత్తినే పడింది. అందరికంటే చిన్నదాన్ని, హాస్టల్లో ఉండేదాన్ని, అందుకని ఆఫీసులో నాకు 'తీరికున్న పిల్ల' అని పేరు. రోజూ తెల్లవారుతూనే గూడెం కొట్టువాళ్ళ చిన్నకోడలుగారు ఆనాటి ధరలు ఫోన్లో పంపేవారు. నేను హాస్టల్ మంచం మీదే కూర్చుని, సగం కళ్ళతో ల్యాప్‌టాప్ తెరిచి, ధరలు మార్చి, కొత్త ప్రోగ్రాముని సర్వరు మీదకి ఎక్కించి, పాతదాన్ని ఆపి, కొత్తదాన్ని మొదలుపెట్టి, మళ్ళీ ముసుగుతన్నేదాన్ని. ఒకరోజు పాతదాన్ని ఆపి కొత్తదాన్ని మొదలుపెట్టడం మర్చిపోయేదాన్ని. ఇంకోరోజు అన్నీ చేసి, ఎక్కించడం మర్చిపోయేదాన్ని. ఒకరోజైతే నిద్రమత్తులో ఒక వరస కిందికి జారి, ఉల్లిపాయల ధర నెయ్యికి పడింది. నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి గూడెంలో తెలిసినవాళ్ళకి తెలియనివాళ్ళకి అందరికీ ఆ కబురు పాకిపోయి, నెయ్యి ఆర్డర్లు వరసగా పడుతున్నాయి. చిన్నకోడలుగారు ఫోను చేశారు. పాపం, అరవలేదు. "ఏవండీ, ఇవాళ నెయ్యి మరీ చవగ్గా ఉన్నట్టుందండీ. నేనూ ఓ రెండు డబ్బాలు పెట్టుకోమంటారా?" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనానికి నాకు ఏడుపొచ్చింది.

సంజాయిషీ చెప్పుకోవడానికి ఆ రోజే పాసింజరు బండెక్కి గూడెం వెళ్ళాను. కొట్టు పేటలో, పాత కాలం కొట్టు. ముందు గల్లాపెట్టె దగ్గర చిన్నకోడలుగారి మావగారు, ఊరందరికీ ఆయన షావుకారుగారు. వెనక, బస్తాల మధ్య ఒక చిన్న బల్ల, దాని మీద కంప్యూటరు, దాని ముందు ఈవిడ. నా కంటే కాస్త పెద్దదంతే, అందుకని మొదటి పావుగంటలోనే నాకు అక్క అయిపోయింది. నాకు కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "నేను బీకాం ఫస్టు క్లాసమ్మా. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ కొట్టులో కూర్చుంటానంటే ఎవరూ వినలేదు. ఈ యాప్ అని చెప్పి ఎలాగో ఒప్పించాను. మావయ్యగారు ఉగాది దాకా చూద్దామన్నారు. కలిసొస్తే ఉంచుతారట, లేకపోతే తీయించేస్తారట. ఆయనకి కలిసిరావడమంటే లెక్కలు కాదు, ఇంకేదో ఉంటుంది. అది పోయిందంటే నేను మళ్ళీ వంటింట్లోకే. వంట చేతకాక కాదు, నాకు ఈ పని కావాలి. ఇంకోసారి ఇలా అవ్వకుండా చూడవా?" అంది. చూస్తానని మాటిచ్చి బండెక్కాను. పూళ్ళ స్టేషను దాటేవరకూ ఆ మాటే చెవిలో ఉంది.

ఏలూరు చేరాక పట్టుదలగా కూర్చుని ఒక టూలు నేర్చుకున్నాను. ఇలాంటివాటికి కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అని పెద్ద పేరు. ఆ ఆదివారం మామ్మతో ఫోన్లో గొప్పలు పోతే, "ఏమిటే అది?" అంది. (మామ్మ మా ఊళ్ళో ఉంటుంది, అమ్మానాన్నల దగ్గర. కైకలూరు దాటి, కొల్లేటి పక్కన, చుట్టూ చేపల చెరువులున్న ఊరు.) "మామ్మా, నువ్వు పొద్దున్నే లేచి వాకిలి చూస్తావు కదా. ఊడ్చి ఉంటే ఊరుకుంటావు, లేకపోతే ఊడుస్తావు. కళ్ళాపి జల్లి ఉంటే ఊరుకుంటావు, లేకపోతే జల్లుతావు. అమ్మ అప్పటికే ముగ్గు వేసేస్తే దాని మీద మళ్ళీ వెయ్యవు. ఇదీ అంతే. సర్వరు ఎలా ఉండాలో వరసగా రాసిపెడితే చాలు, ఇది ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళి, లేనిది మాత్రమే చేస్తుంది" అని చెప్పాను. మామ్మ కాసేపు ఆలోచించి, "మీ అమ్మ వేసిన ముగ్గు వంకరగా ఉంటే తుడిచేసి మళ్ళీ వేస్తాను" అంది. (ఆ టూలు కూడా సరిగ్గా అదే చేస్తుంది. నాకది అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది.)

అలా మొదలైంది నా యంత్రాంగం. ముందురోజు సాయంత్రమే అక్క ధరలు ఒకచోట నింపి పెట్టేస్తుంది. పొద్దున్న ఆరింటికి మిషను వాటిని తీసుకుని, ప్రోగ్రాముని సర్వరు మీదకి ఎక్కించి, పాతదాన్ని ఆపి, కొత్తదాన్ని మొదలుపెడుతుంది. ఏ మెట్టు దగ్గర తేడా వచ్చినా అక్కడితో ఆగి, నిన్నటిదాన్నే మళ్ళీ నిలబెడుతుంది. ఇంత చేసి, చివర్లో నా తెలివంతా ఉపయోగించి ఒక పరీక్ష పెట్టాను. అన్నీ అయ్యాక మిషనే ఒక కస్టమరులాగా కొట్టులోకి వెళ్ళి, పావుకిలో బెల్లం ఆర్డరు పెట్టి, ఆర్డరు సరిగ్గా అందిందని తేలగానే దాన్ని రద్దు చేసేస్తుంది. అసలు కస్టమరు ఒక్కరైనా రాకముందే ఈ పరీక్ష అయిపోవాలని, దాన్ని రోజుకి మొట్టమొదటి ఆర్డరుగా పెట్టాను. ఈ ముందుచూపుకి నన్ను నేను చాలా మెచ్చుకున్నాను. మెచ్చుకోవడంలో నేనెప్పుడూ లోటు చెయ్యను.

ఆ ఉత్తుత్తి కస్టమరుకి ఒక పేరు, ఒక ఫోను నంబరు కావాలి. నా నంబరు అప్పటికే వేరే పనికి వాడేశాను. అప్పట్లో నాకు నోటికొచ్చిన రెండో నంబరు మామ్మది ఒక్కటే. అందుకని మామ్మ పేరు, మామ్మ నంబరు, మామ్మ ఊరు ఇచ్చేశాను. ఇంటి నంబరు అడిగితే ఏం రాయాలో తోచక 'మా ఇల్లు' అని రాశాను. దాంతో రోజూ పొద్దున్న ఆరింటికి మామ్మ బటన్ల ఫోను టింగుమనేది, ఆర్డరు అందిందని. మరుక్షణం మళ్ళీ టింగుమనేది, రద్దయిందని. మామ్మకి అక్షరాలు రావు. "ఏమే, పొద్దున్నే రెండుసార్లు మోగుతోంది, నువ్వేనా?" అని అడిగింది. "నేనే మామ్మా" అన్నాను, వివరించే ఓపిక లేక. "సరేలే, నువ్వు లేచావని తెలుస్తుంది, నేనూ లేచి పొయ్యి వెలిగించుకుంటాను" అంది. ఆ సమయానికి నేను హాస్టల్లో దుప్పటి లోపల, లోకంలో లేకుండా పడి ఉండేదాన్ని.

కొన్ని నెలలు అంతా హాయిగా నడిచింది. నెయ్యి నెయ్యి ధరకే అమ్ముడుపోయింది. రేపుగారు నన్ను మెచ్చుకుని జీతం పెంచుతామన్నారు. (ఎప్పుడో చెప్పక్కర్లేదనుకుంటాను.) ఉగాది ఇంకో పది, పదిహేను రోజులుందనగా ఒకనాడు గూడెం అక్క ఫోను చేసింది. గొంతులో సంతోషం పట్టడం లేదు. "ఒక చిన్న సాయం కావాలమ్మా. రోజూ పొద్దున్న మొదటి ఆర్డరు పెడతారే ఒక మామ్మగారు, కొల్లేటి అవతల ఊరావిడ, ఆవిడ అడ్రసు సరిగ్గా కావాలి. ఇంటి నంబరు దగ్గర చూస్తే 'మా ఇల్లు' అని ఉంది. ఇదేం నంబరమ్మా?" అంది. నాకు కింద కుర్చీ ఉందో లేదో తెలియలేదు. "ఎందుకక్కా?" అన్నాను. "ఎందుకేమిటి! మావయ్యగారు ఆవిణ్ణి పిలిపించమంటున్నారు" అని మొత్తం చెప్పింది.

జరిగిందేమిటంటే, అక్క బల్ల మీద కంప్యూటరు కాకుండా, షావుకారుగారి గల్లాపెట్టె పక్కన ఒక ట్యాబ్ కూడా పెట్టారు. ఆర్డరు వచ్చినప్పుడల్లా అది గుళ్ళో గంటలా మోగుతుంది. షావుకారుగారు రోజూ ఆరింటికల్లా కొట్టు తెరిచి, దీపం పెట్టి కూర్చుంటారు. సరిగ్గా ఆయన అగరొత్తి తిప్పే వేళకి ఆ గంట మోగేది. బోణీ! అదీ ఏనాడూ తప్పకుండా, ఏనాడూ బేరమాడకుండా, అదీ బెల్లం! కొట్లో బోణీ డబ్బుల్ని కళ్ళకద్దుకుని గల్లాలో వెయ్యడం ఆయన అలవాటు. ఇక్కడ డబ్బులు కనపడవు కనక ట్యాబ్‌నే రెండు చేతులా తీసి కళ్ళకద్దుకునేవారు. "ఈ అమ్మగారిది చల్లని చెయ్యమ్మా. ఈవిడ బోణీ చేస్తున్న దగ్గర్నుంచీ మనకి ఏ రోజూ బేరం మందగించలేదు" అని ఇంట్లో వాళ్ళకీ, పక్క కొట్టువాళ్ళకీ చెప్పేవారట. ఆవిడకి మా మామ్మ పేరు కాకుండా 'బోణీ మామ్మగారు' అని పేరే పెట్టేశారు. ఉగాది దాకా చూద్దామన్న మనిషి, ఇంక చూడక్కర్లేదని, కొట్టు వెనక గది ఒకటి ఖాళీ చేయించి, సున్నం వేయించి, అది పూర్తిగా ఆన్‌లైన్ అమ్మకాలకని కోడలికి ఇచ్చేస్తానన్నారు. వచ్చే శుక్రవారం ఆ గదిలో మొదటి బేరం బోణీ మామ్మగారి చేతుల మీదుగానే జరగాలన్నారు.

"అక్కా, అది మనిషి కాదు" అన్నాను. టెస్టని, మిషనని, పేరు మాత్రం మా మామ్మదని అంతా చెప్పాను. అక్క, "అందుకా రోజూ రద్దయ్యేది" అంది. ట్యాబ్‌లో గంటే మోగుతుంది గానీ, రద్దయిన సంగతి అక్క కంప్యూటర్లోనే కనపడేది. అంత దూరం సరుకు పంపరని తెలుసుకుని మామ్మగారు మనసు మార్చుకుంటున్నారేమోలే అనుకుందట. మావగారితో చెప్పలేదు. రోజూ ఆయన చూస్తుండగా పావుకిలో బెల్లం పొట్లం కట్టి పక్కన పెట్టేదట, ఆయన టిఫినుకి వెళ్ళాక మళ్ళీ డబ్బాలో వేసేసేదట. "ఆయనకిది తెలిస్తే గది సంగతి దేవుడెరుగు, అసలు యాప్ అన్న మాటే ఎత్తనివ్వరు. నీకు దణ్ణం పెడతాను, మీ మామ్మగారిని ఒక్కపూట తీసుకురా" అంది. నేనేదో చెయ్యబోయి అక్క బతుకుని బెల్లం పొట్లానికి కట్టినట్టయింది.

శుక్రవారానికి ముందురోజే మా ఊరు వెళ్ళాను. మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అంతా విని, "అయితే నన్ను అబద్ధం ఆడమంటావు" అంది. "ఆడక్కర్లేదు మామ్మా. ఊరికే కూర్చో. ఆయనేదైనా అంటే నవ్వు. అంతే" అన్నాను. "నవ్వుతాలే" అని, లోపలికి వెళ్ళి, పెళ్ళిళ్ళకి కట్టే చీర తీసి ఎండలో వేసింది. మర్నాడు పొద్దున్నే కైకలూరులో ఏలూరు బస్సెక్కాం. కొల్లేటి మీద వస్తున్నంతసేపూ మామ్మ కిటికీలోంచి కొంగల్ని చూస్తూ, మధ్యమధ్య నా వైపు తిరిగి, "ఇలా నవ్వితే చాలా?" అని చూపించేది. చాలని చెప్పేదాన్ని. ఏలూరులో బండెక్కి గూడెంలో దిగేసరికి ఆ నవ్వు బాగా కుదిరింది.

షావుకారుగారు కొట్టు మెట్లు దిగి ఎదురొచ్చారు. "రండమ్మా, రండి. ఇంత పెద్దవారిని శ్రమపెట్టాను" అంటూ ఆయనే స్వయంగా కుర్చీ వేశారు. మామ్మ నవ్వింది. "మా కొట్టు మీద మీకింత అభిమానం ఎలా కలిగిందో గానీ, ఒక్క పూటైనా మర్చిపోరండీ" అన్నారు. మామ్మ నవ్వింది. "ఎండల్లేవు, వానల్లేవు, మొన్న తుఫానుకి ఊరంతా కరెంటు పోయి, మా ఇన్వర్టరు మీద ఆ ట్యాబ్ ఒక్కటే వెలుగుతుంటే, ఆ రోజు కూడా మీ బోణీ వచ్చిందండీ. మా ఆవిడతో అన్నాను, మనకి తెలియని మనిషి ఎక్కడో కూర్చుని మన కొట్టు బాగుండాలనుకుంటోందీ అని." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మామ్మ నవ్వు కొంచెం తగ్గింది. నేను మోచేత్తో పొడిచాను. షావుకారుగారు లోపలికి సైగ చేస్తే, అక్క ఇత్తడి పళ్ళెంలో చీర, జాకెట్టు ముక్క, తాంబూలం, పళ్ళు పెట్టుకుని వచ్చింది. షావుకారుగారు పళ్ళెం అందుకుని మామ్మ ముందుకి వంగారు.

మామ్మ లేచి నుంచుంది. "ఇది నేను పుచ్చుకోలేనండీ. మీ కొట్లో నేనెప్పుడూ ఏమీ కొనలేదు. ఈ పేట మొహం చూడ్డం కూడా ఇదే మొదలు" అంది. అక్క అక్కడే బియ్యం బస్తా మీద కూలబడింది. నాకు పాసింజరు మళ్ళీ ఎన్నింటికో లెక్క వెయ్యాలనిపించింది. మామ్మ మాత్రం తాపీగా చెప్పింది. "మా పిల్ల మంచిదేనండీ, కాస్త తొందర మనిషి. రోజూ పొద్దున్నే మీ కొట్టు తలుపు తట్టి, లోపల అంతా సవ్యంగా ఉందా, తూకం సరిగ్గా ఉందా, ధరలు సరిగ్గా ఉన్నాయా అని చూసి పోతోంది. కొనడానికి కాదు. తట్టేటప్పుడు నా పేరు చెబుతోంది. అంతేనండీ. దురుద్దేశం లేదు."

షావుకారుగారు పళ్ళెం మెల్లిగా బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగారు. "నువ్వేనా అమ్మా రోజూ తట్టేది?" అన్నారు. అవునంటే సరిపోయేది. భూమ్మీద ఎవరైనా అవుననేవారు. కానీ నాకు అప్పుడే, ఎప్పుడూ లేంది, సాంకేతికంగా సరైన జవాబు చెప్పాలన్న బుద్ధి పుట్టింది. "నేను కాదండీ, మిషనండీ. ఆ టైముకి నేను నిద్రపోతూ ఉంటాను" అన్నాను. వెంటనే నా వెనకనుంచి ఇంకో గొంతు లేచింది. "నిద్రపోతావా? మరి నా ఫోను మోగేదో?" మామ్మ. "అదీ మిషనే మామ్మా." "మరి నేనే అన్నావు!" ఇద్దరు పెద్దవాళ్ళూ చెరో పక్కన నిలబడి, ఒకటే మొహంతో నన్ను చూశారు. ఇందాకటిదాకా ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఆ క్షణంలో ఒక్క కుటుంబం అయిపోయారు. "నువ్వు లేచావు కదా అని నేను లేచేదాన్నే" అంది మామ్మ. ఆ మాటలో కోపం లేదు, అదే బాధ.

"నీకు తెలుసా అమ్మా?" అని షావుకారుగారు కోడల్ని అడిగారు. అక్క లేచి, కొంగు సర్దుకుంది. "ఆర్డరు రద్దవుతోందని మొదట్నుంచీ తెలుసండీ. మనిషి కాదని మొన్ననే తెలిసింది. చెబితే మీరు యాప్ తీయించేస్తారని భయపడ్డాను మావయ్యగారూ. బోణీ మిషనుదే కావచ్చు గానీ, ఆ తర్వాత వచ్చిన బేరాలన్నీ మనుషులవేనండీ. అవన్నీ నేను కష్టపడి తెచ్చుకున్నవి. నాకు ఈ పని కావాలండీ" అంది. అంతవరకూ మావగారి ఎదుట అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ అనలేదని తర్వాత చెప్పింది. అంతలో ట్యాబ్ గంట మోగింది. షావుకారుగారి చేతులు అలవాటుకొద్దీ జోడించుకోబోయి, మధ్యలో ఆగిపోయాయి. మళ్ళీ మోగింది. ఎవరో మినప్పప్పు, ఎవరో సబ్బులు. అక్క చూపు తెలియకుండానే త్రాసు వైపు పోతోంది గానీ, కాళ్ళు కదపడానికి ధైర్యం లేదు. "అదేంటమ్మా అలా నిలబడ్డావు? బేరం వస్తే చూసుకోవద్దూ?" అన్నారు ఆయన. అక్క పరిగెత్తింది.

షావుకారుగారు మామ్మ పక్క కుర్చీలో కూర్చుని, ఒక నిట్టూర్పు విడిచారు. "బేరం వచ్చే తలుపు ఎవరైనా మూసుకుంటారాండీ? గది ఆ పిల్లదే. యాప్ తీయించే మాట నేనెత్తను. కానీ బోణీ సంగతి తేలాలి. మనిషి చెయ్యి పడని బోణీ, పైగా రద్దయ్యే బోణీ, ఇన్నాళ్ళూ కళ్ళకద్దుకున్నాను చూడండి" అన్నారు. మామ్మ తలూపింది. "మిషను తడితే తట్టనివ్వండి, దాని పని అది. కానీ తట్టే ముందు ఒక మనిషి లేచి, ఊఁ, కానీ అనాలండీ" అంది. "బాగా చెప్పారు" అన్నారు షావుకారుగారు. "ఎవరు లెయ్యాలండీ?" అని నేనడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఇద్దరూ నా వైపు చూశారు. "పొద్దున్నే లేవడం వంటికి కూడా మంచిది" అంది మామ్మ.

ఆ తర్వాత మామ్మ కొత్త గదిలోకి వెళ్ళి, రొంటిన దోపుకున్న సంచీ తీసి, నిజంగానే బోణీ చేసింది. పావుకిలో బెల్లం. బోణీ బేరం వెనక్కి పంపకూడదని షావుకారుగారు మొహమాటపడుతుంటే, మామ్మ ఆ మొహమాటాన్ని పూర్తిగా వాడుకుని, గీసి గీసి బేరమాడి, కొసరుగా ఇంకో అచ్చు కూడా వేయించుకుంది. ఇంతకాలం తన పేరున బేరమాడకుండా కొంటున్నారని తెలిశాక ఆవిడకి అదొక పరువు విషయం అయిపోయింది. షావుకారుగారు ఆ డబ్బుల్ని కళ్ళకద్దుకుని కోడలి చేతిలో పెట్టారు. అక్క మామ్మ కాళ్ళకి దణ్ణం పెడుతూ ఏడ్చేసింది. అప్పుడు మామ్మ ఆ చీర పళ్ళెం తనే తీసుకుని, "ఇప్పుడు పుచ్చుకుంటానండీ" అంది.

ఏలూరు వచ్చి నా యంత్రాంగంలో ఒకే ఒక్క మెట్టు కొత్తగా చేర్చాను. అన్నీ తనే చేసుకుని, చివర ఆర్డరు పెట్టే ముందు మిషను ఆగి, "బోణీ చెయ్యమంటారా?" అని అడుగుతుంది. నేను ఎంటర్ నొక్కితేనే ముందుకి కదులుతుంది. రద్దు చేసే మెట్టు తీసేశాను. కనక రోజూ మామ్మ పేరున నిజంగానే ఒక ఆర్డరు, డబ్బు నాది. వారానికొకసారి కొట్టు వ్యాను కైకలూరు వైపు వెళ్ళినప్పుడు ఆ పొట్లాలన్నీ మామ్మకి చేరేవి. మొదట్లో అంతా బెల్లమే. తర్వాత "ఇంట్లో చీమలు పడుతున్నాయే, రేపట్నుంచి కందిపప్పు పంపమను" అంది. ఆ తర్వాత కందిపప్పు వద్దు, పెసరపప్పు. ఆవాలు. ఇంగువ. సర్వరు ఎలా ఉండాలో రాసిపెట్టే ఫైల్లో, పోర్టు నంబర్ల పక్కనే, మా మామ్మ వంటింట్లో ఏం నిండుకుందో కూడా ఉండేది. రేపుగారు ఒకరోజు నా నిద్రమొహం చూసి, "మొత్తం ఆటోమేషన్ చేసేశానన్నారు కదండీ, మరి మీరెందుకు ఆరింటికి లేస్తున్నారు?" అని అడిగారు. "రేపు చెబుతానండీ" అన్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ధరలు ప్రోగ్రాము లోపల్నుంచి ఎప్పుడో బయటికొచ్చాయి. గూడెం కొట్లో ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది అక్కే. షావుకారుగారు పక్కన పడకకుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకి తన కోడలి గురించి చెబుతూంటారట. నేను ఉద్యోగం మారాను. ఇప్పుడు మా దగ్గర రోజుకి ఎన్నిసార్లు సర్వర్ల మీదకి కొత్తవి ఎక్కుతాయో ఎవరికీ తెలియదు, ఎవరూ నిద్ర లేవరు, ఎంటర్ నొక్కేవాళ్ళు లేరు. ఉద్యోగం మారిన మర్నాడు నేను ఎన్నాళ్ళకో పొద్దెక్కేదాకా పడుకుందామనుకున్నాను. ఆరు దాటగానే మామ్మ ఫోను. "ఏమే, ఇవాళ మోగలేదు, ఒంట్లో బాగానే ఉందా?" అంది. అప్పట్నుంచీ రోజూ ఆరింటికి నేనే మామ్మ నంబరు నొక్కి, రెండుసార్లు మోగనిచ్చి పెట్టేస్తున్నాను. మాట్లాడేదేం ఉండదు. మామ్మ ఎత్తదు కూడా. మోగిందని విని, లేచి పొయ్యి వెలిగిస్తుంది. (ఇప్పుడు గ్యాసు పొయ్యి. అయినా వెలిగించడం వెలిగించడమే.)

మా ఆయనదీ నాలాగే కంప్యూటర్ల పనే. ఒకనాడు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "దీనికి నాలుగు వరసల స్క్రిప్టు రాసి పడేస్తే రోజూ అదే మోగిస్తుంది కదా, నువ్వు హాయిగా పడుకోవచ్చు" అన్నారు. రాయొచ్చు. నాలుగు కూడా అక్కర్లేదు, రెండు చాలు. ఆ హాస్టల్ మంచం మీది పిల్లయితే ఆయన మాట పూర్తవకముందే రాసేసి ఉండేది. నేను "రేపు చూద్దామండీ" అన్నాను. మొన్న ఒకపూట మాత్రం నిజంగానే మెలకువ రాలేదు. దిండు కింద ఫోను మోగింది. నేనెత్తేలోపే రెండోసారి మోగి ఆగిపోయింది. తెరిచి చూస్తే మామ్మ. బటన్లు తడుముకుంటూ తనే నొక్కి, తనే పెట్టేసింది. ఆ రోజు బోణీ ఆవిడదే.